ఉచిత శిబిరంలో సీఏ-125 పరీక్ష పెట్టాలా వద్దా? ఓవరీ క్యాన్సర్ లక్షణాలు, స్క్రీనింగ్ మీద చర్చ

కృష్ణాతీరం
మా మండల సమాఖ్య వచ్చే నెల మహిళా ఆరోగ్య శిబిరం పెడుతోంది. 30 దాటిన సంఘ సభ్యులు 200 మంది దాకా వస్తారు. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు పీహెచ్‌సీ వాళ్లు చేస్తారు. ఒక దాత ముందుకొచ్చి, "అందరికీ సీఏ-125 రక్తపరీక్ష, పొట్ట స్కానింగ్ కూడా చేయిద్దాం, ఓవరీ క్యాన్సర్ ముందే దొరికిపోతుంది, ఖర్చు నాది" అంటున్నారు. ఒప్పుకోవాలా వద్దా? ఇంకో సంగతి: కరపత్రంలో లక్షణాలు రాయాలి. ఎక్కడ చూసినా "పొట్ట ఉబ్బరం, నీరసం" అనే ఉంది. అలాగే వేస్తే 200 మందిలో 150 మంది చేతులెత్తుతారు. ఈ విషయం బాగా తెలిసినవాళ్లు చెప్పండి.

గైనిక్_హనుమకొండ
ముందు లక్షణాల సంగతి చూద్దామండీ, అసలు పని అక్కడే ఉంది.

మీరన్నది నిజం. ఉబ్బరం లేని మనిషి ఉండదు. కాబట్టి ఏ లక్షణం అన్నదానికన్నా ఎన్నాళ్ల నుంచి, నెలలో ఎన్ని రోజులు అన్నది ముఖ్యం. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో బార్బరా గాఫ్ బృందం 2007లో ఇచ్చిన కొలత ఇది: పొట్ట ఉబ్బడం లేదా పొట్ట సైజు పెరగడం, పొత్తికడుపులో లేదా కడుపులో నొప్పి, తినలేకపోవడం లేదా కొద్దిగా తినగానే కడుపు నిండిపోవడం. వీటిలో ఏ ఒక్కటైనా ఏడాది లోపు కొత్తగా మొదలై, నెలలో 12 రోజులకు మించి ఉంటే పట్టించుకోవాలి. పదేళ్లుగా పప్పు తిన్నప్పుడల్లా ఉబ్బరం వచ్చే మనిషి ఇందులోకి రాదు. నాలుగు నెలల క్రితం మొదలై, ఏం తిన్నా తినకపోయినా పొట్ట బిర్రుగానే ఉండి, పొద్దున లేచేసరికి కూడా తగ్గని మనిషి వస్తుంది. గ్యాస్ ఉబ్బరం పెరుగుతుంది, తగ్గుతుంది. గడ్డ వల్లో నీరు వల్లో వచ్చేది తగ్గదు, వారం వారం పెరుగుతుంది.

బ్రిటన్‌లో నైస్ సంస్థ 2011 మార్గదర్శకాలు వీటికి మూత్రం పదేపదే రావడాన్ని, ఆపుకోలేకపోవడాన్ని కూడా కలిపాయి. మరో మాట కూడా చెప్పాయి, దాన్ని కరపత్రంలో తప్పక వేయండి: 50 దాటాక జీవితంలో మొదటిసారి "పేగుల సమస్య, ఐబీఎస్" అన్నారంటే ఓవరీని చూడకుండా వదలకూడదు. ఐబీఎస్ ఆ వయసులో కొత్తగా మొదలవడం అరుదు.

ఈ కొలత సర్వరోగ నివారిణి కాదు. గాఫ్ లెక్కల్లోనే ముదిరిన దశలో 79.5 శాతాన్ని పట్టుకుంటే, తొలి దశలో పట్టుకున్నది 56.7 శాతమే. అయినా ఇప్పుడు పల్లెల్లో ఆరు నెలలు గ్యాస్ మాత్రలతో గడిచిపోతున్న కాలాన్ని ఇది ఆరు వారాలకు తగ్గిస్తే చాలు.

ఆశా_శిక్షణ
డాక్టరమ్మ చెప్పినదాన్ని సంఘం మీటింగులో ఎలా అడగాలో నేను చెప్తా. "మీకు ఉబ్బరం ఉందా" అనొద్దు. మన ఆడవాళ్లు పొట్ట పెరిగినా గమనించలేరు. చీరకట్టుకు, లంగా బొందుకు కొలత ఉండదు కదా, ఎంత పెరిగితే అంత వదులు చేసి కట్టుకుంటారు. అందుకే ఇలా అడగాలి:

"లంగా బొందు ముడి నిరుడు పడ్డ చోటే పడుతోందా, బెత్తెడు ముందుకొచ్చిందా?" "పొట్ట పెరుగుతోంది కానీ జబ్బలు సన్నబడి జాకెట్టు చేతులు వదులయ్యాయా, గాజులు జారుతున్నాయా?" ఈ రెండూ కలిసి ఉంటే ఆ మనిషిని ఆ రోజే రాసుకోవాలి. "రెండు ముద్దలు తినేసరికే చాలనిపిస్తోందా? ఇంతకుముందు ఎంత తినేదానివి?" "పొలంలో ఉన్నప్పుడు ఒంటికి ఎన్నిసార్లు వెళ్లాల్సి వస్తోంది?" "ముట్లాగి ఏడాది దాటాక మళ్లీ మైల కనపడిందా?" చివరి ప్రశ్న అందరి ముందు అడిగితే జవాబు రాదు. పక్కకు పిలిచి అడగాలి.

ఒక కాలెండరు కాగితం ఇవ్వండి. ఇబ్బంది ఉన్న రోజు మీద అడ్డగీత గీయమనండి. చదువు రాని వాళ్లు కూడా గీస్తారు. నెల చివర గీతలు లెక్కపెడితే 12 దాటాయో లేదో తెలిసిపోతుంది. కానీ పొట్ట కళ్లకు కనిపించేలా ఎత్తుగా ఉన్నా, చేతికి గడ్డ తగులుతున్నా నెల ఆగొద్దు, నేరుగా ఏరియా ఆసుపత్రికి పంపండి.

ముందుజాగ్రత్త
లక్షణాల గురించి అందరూ చక్కగా చెప్పారు. కానీ లక్షణం వచ్చేసరికే ఆలస్యమైపోతోంది కదా? ఈ జబ్బులో నలుగురిలో ముగ్గురికి మూడో దశలోనో నాలుగో దశలోనో బయటపడుతోంది. మొదటి దశలో దొరికితే ఐదేళ్లు బతికేవాళ్లు 90 శాతం దాకా ఉంటారు. మన దేశంలో ఏటా 47 వేల మందికి కొత్తగా వస్తోంది, 33 వేల మంది చనిపోతున్నారని ప్రపంచ క్యాన్సర్ లెక్కలు కట్టే గ్లోబోకాన్ 2022 అంచనా. దాత డబ్బు పెడతానంటుంటే 200 మందికి రక్తపరీక్ష చేస్తే నష్టమేమిటి? ఒక్కరు దొరికినా ఒక ప్రాణమే కదా.

ఎపిడెమియాలజీ_హైదరాబాద్
మంచి ప్రశ్నే. లెక్క వేసి చూద్దాం.

ముట్లాగిన 10,000 మంది ఆడవాళ్లను తీసుకోండి. పాశ్చాత్య దేశాల రేటు ప్రకారం వాళ్లలో ఏడాదికి ఓవరీ క్యాన్సర్ ఉండేది సుమారు నలుగురికి. మన దగ్గర రేటు ఇంకా తక్కువ. పరీక్ష చాలా మంచిదే అనుకుందాం: ఉన్నవాళ్లలో 75 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 99 శాతాన్ని సరిగ్గా లేదంటుంది. నలుగురిలో ముగ్గురు దొరికారు. మిగిలిన 9,996 మందిలో ఒక శాతం, అంటే 100 మందికి జబ్బు లేకుండానే "ఉంది" అని వస్తుంది. 103 కాగితాలు చేతిలో ఉంటే అందులో మూడు నిజం. ఏ మూడో తేలాలంటే చాలామందికి పొట్ట కోయాలి. ఓవరీ లోపల ఉంటుంది కాబట్టి రొమ్ములోలాగా సూది గుచ్చి చూసే వీలు లేదు. ఇక్కడే మిగతా స్క్రీనింగులకీ దీనికీ తేడా.

మీ 200 మంది విషయానికి వస్తే, పైలెక్క ప్రకారం జబ్బు దొరికే అవకాశం 0.06. ఇలాంటి శిబిరాలు పదిహేడు పెడితే ఒక్కరు దొరకొచ్చు, అదీ అందరూ 50 దాటినవాళ్లయితే. 30-45 మధ్యవాళ్లలో ఇంకా తక్కువ దొరుకుతుంది, తప్పుడు పాజిటివ్‌లు మాత్రం చాలా ఎక్కువ వస్తాయి.

ఇది కాగితం మీది లెక్కే అనుకోవద్దు, రెండు పెద్ద ట్రయల్స్ జరిగాయి. అమెరికాలో పీఎల్‌సీఓ, 55-74 ఏళ్ల 78 వేల మంది. సగం మందికి ఏటా సీఏ-125, యోని ద్వారా స్కానింగ్ చేశారు, మిగతావాళ్లకు మామూలు వైద్యమే. 2011లో ఫలితాలొచ్చాయి: ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు పరీక్షలు చేసిన గుంపులో 118, చేయని గుంపులో 100. ప్రాణాలేమీ మిగల్లేదు. తప్పుడు పాజిటివ్ వచ్చినవాళ్లు 3,285 మంది, అందులో 1,080 మందికి ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ వల్ల పెద్ద సమస్యలు వచ్చినవాళ్లు 163 మంది. వీళ్లెవరికీ క్యాన్సర్ లేదు. "చేస్తే నష్టమేమిటి" అన్నదానికి జవాబు ఈ 163 మంది.

రెండోది బ్రిటన్‌లోని యూకేసీటాక్స్, ఉషా మీనన్, ఇయాన్ జేకబ్స్ నడిపినది. 50-74 ఏళ్ల 2,02,638 మంది, 2001 నుంచి 2005 వరకు చేర్చుకున్నారు. ఇక్కడ రక్తపరీక్ష గుంపులో, సీఏ-125 అంకె 35 దాటితే అనుమానం అనే గీత వదిలేసి, ప్రతి మనిషికీ సీఏ-125 ఏటా ఎలా మారుతోందో చూసే రోకా అనే లెక్క వాడారు. అది చాలా మెరుగైన పద్ధతి. 16 ఏళ్లకు పైగా గమనించాక 2021లో తుది ఫలితం: రక్తపరీక్ష గుంపు 50,625 మందిలో 296 మరణాలు, స్కానింగ్ గుంపు 50,623 మందిలో 291, ఏ పరీక్షా లేని 1,01,314 మందిలో 619. మూడు చోట్లా 0.6 శాతమే.

అమెరికా నివారణ సేవల కార్యదళం 2018లో, వంశపారంపర్య ముప్పు లేని, లక్షణాలు లేని ఆడవాళ్లకు ఈ స్క్రీనింగ్ చేయొద్దని మరోసారి చెప్పింది. మన జాతీయ కార్యక్రమంలో 30 దాటినవాళ్లకు చేసేవి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం మాత్రమే. ఓవరీని మరిచిపోయి వదిలేయలేదు. ఆ మూడింటినీ తొందరగా పట్టుకుంటే ప్రాణాలు దక్కుతాయి, దీనికి ఇంకా ఆ రుజువు దొరకలేదు.

ముందుజాగ్రత్త
యూకేసీటాక్స్‌ని మీరు సగమే చెప్పారు. రక్తపరీక్ష గుంపులో మొదటి దశలో దొరికినవి 47 శాతం పెరిగాయి, నాలుగో దశవి దాదాపు 25 శాతం తగ్గాయి. 2023లో వచ్చిన విశ్లేషణలో, అత్యంత ప్రమాదకరమైన హై-గ్రేడ్ సీరస్ రకం వచ్చినవాళ్లలో 18 ఏళ్ల తర్వాత బతికున్నది స్క్రీనింగ్ గుంపులో 21 శాతం, రెండో గుంపులో 14 శాతం. పైగా ఆ పరీక్షలు 2011తో ఆగిపోయాయి. తర్వాత ఓలాపరిబ్ లాంటి మందులొచ్చాయి. ఇప్పుడు అదే ట్రయల్ చేస్తే ఫలితం వేరేగా ఉండొచ్చు కదా.

ఎపిడెమియాలజీ_హైదరాబాద్
అంకెలన్నీ సరైనవే, నేను చెప్పాల్సింది. ఈ వాదనను తేలిగ్గా కొట్టేయలేం. కానీ 21, 14 అన్నవి జబ్బు ఉందని తేలినవాళ్లలో బతికినవాళ్ల శాతాలు. పరీక్ష వల్ల ముందే తేలితే, చనిపోయే రోజు మారకపోయినా "ఇన్నేళ్లు బతికారు" అన్న లెక్క పొడుగవుతుంది. ఆ మోసం లేని లెక్క, మొత్తం గుంపులో చనిపోయినవాళ్ల సంఖ్య. అది మారలేదు. మీరు చెప్పిన విశ్లేషణ చేసినవాళ్లే, లక్షణాలున్నవాళ్లకు త్వరగా పరీక్ష చేయడానికి ఇది బలమంటున్నారు కానీ, అందరికీ స్క్రీనింగ్ మొదలుపెట్టమని చెప్పడం లేదు.

మరో విషయం. ఆ ట్రయల్‌లో కూడా క్యాన్సర్ లేకుండా ఆపరేషన్ అయినవాళ్లు రక్తపరీక్ష గుంపులో 10,000 పరీక్షలకు 14 మంది, స్కానింగ్ గుంపులో 50 మంది. ఆ 14 కూడా, రోకా లెక్కతో, మళ్లీ మళ్లీ పరీక్షించి, ప్రత్యేక కేంద్రాల్లో తేల్చుకున్నాక వచ్చిన అంకె. మన శిబిరంలో ఒక్కసారి రక్తం తీసి 35 గీత పెడితే ఆ జాగ్రత్తలేవీ ఉండవు. అమెరికా ఎఫ్‌డీఏ 2016 సెప్టెంబరులో ఈ స్క్రీనింగ్ పరీక్షలను నమ్మొద్దని హెచ్చరించింది కూడా. పాజిటివ్ వచ్చినవాళ్లు అనవసరంగా ఆపరేషన్‌కి వెళ్తారని ఒక భయం, నెగటివ్ వచ్చినవాళ్లు లక్షణాలొచ్చినా "నాకు లేదన్నారుగా" అని ఊరుకుంటారని రెండో భయం.

గైనిక్_హనుమకొండ
తొలి దశలో ఎక్కువమంది దొరికినా మరణాలు ఎందుకు తగ్గలేదన్నదానికి శరీరంలోనే కారణం ఉంది. ఓవరీ క్యాన్సర్ అంటున్నాం కానీ ప్రాణాలు తీసే హై-గ్రేడ్ సీరస్ రకం చాలాసార్లు మొదలయ్యేది ఓవరీలో కాదు, ఫెలోపియన్ ట్యూబు చివర కుచ్చులా ఉండే భాగంలో. అక్కడ ఆవగింజంత కూడా లేనప్పుడే కణాలు రాలి ఓవరీ మీదా, పొట్ట పొర మీదా పడతాయి. స్కానింగ్‌లో ఓవరీ పెద్దదయ్యేసరికి పొట్టంతా చల్లుకుని ఉంటుంది. నిదానంగా ఒక్కచోటే పెరిగే రకాలు మాత్రం స్కానింగ్‌లో చక్కగా కనిపిస్తాయి. ఏడాదికోసారి వల వేస్తే చిక్కేవి ఎక్కువగా ఆ నెమ్మది రకాలే.

పాథాలజీ_నెల్లూరు
సీఏ-125 గురించి ల్యాబ్ వైపు నుంచి.

ఇది క్యాన్సర్ పరీక్ష కాదు. పొట్ట పొర, ఛాతీ పొర, గర్భసంచి లోపలి పొర, వీటిలో ఏది రేగినా రక్తంలో పెరిగే ప్రోటీన్. ముట్టు రోజుల్లో పెరుగుతుంది. గర్భం మొదటి నెలల్లో పెరుగుతుంది. ఎండోమెట్రియోసిస్, ఫైబ్రాయిడ్లు, ట్యూబుల ఇన్ఫెక్షన్, లివర్ సిరోసిస్, గుండె వైఫల్యం, ఊపిరితిత్తుల చుట్టూ నీరు, అన్నింటిలో పెరుగుతుంది. మన ప్రాంతంలో అన్నిటికన్నా మోసం చేసేది పొట్ట టీబీ. అందులో 500, 1,000 దాటినా ఆశ్చర్యం లేదు. ఇటు చూస్తే, నిజంగా మొదటి దశ ఓవరీ క్యాన్సర్ ఉన్నవాళ్లలో సగం మందికి ఇది మామూలుగానే ఉంటుంది. అందుకే 35 లోపు వచ్చిందని లక్షణాలున్న మనిషిని ఇంటికి పంపకూడదు.

పరీక్షకు పరగడుపున రానక్కర్లేదు. ముట్టు అయ్యాక వారం ఆగి ఇస్తే మంచిది. జుట్టు రాలకుండా బయోటిన్ మాత్రలు ఎక్కువ మోతాదులో వేసుకునేవాళ్లు ముందే ల్యాబ్‌లో చెప్పాలి, కొన్ని మెషీన్ల పద్ధతుల్లో అది ఫలితాన్ని తప్పుగా చూపిస్తుంది. మళ్లీ చేయించాల్సి వస్తే అదే ల్యాబ్‌లో, అదే మెషీన్ పద్ధతిలో చేయించండి. ఒక కంపెనీ కిట్‌లో 32, ఇంకోదానిలో 41 రావడం మామూలే. అది పెరిగినట్టు కాదు.

35 ఏళ్ల లోపు అమ్మాయికి ఓవరీలో గడ్డ కనిపిస్తే సీఏ-125 ఒక్కటే చేసి ఆగొద్దు. ఆ వయసులో వచ్చేవి వేరే రకాలు, వాటికి ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ చూడాలి. ఇవి కీమోకి బాగా లొంగుతాయి, పిల్లలు పుట్టే అవకాశాన్ని కాపాడుతూ వైద్యం చేయవచ్చు కాబట్టి ముందే తెలియడం అవసరం. పెద్దవాళ్లలో సీఏ-125తో పాటు సీఈఏ అనే రక్తపరీక్ష కూడా చేయించాలి. సీఏ-125ను సీఈఏతో భాగిస్తే 25 దాటితే ఓవరీ వైపు మొగ్గు. 25 లోపుంటే జీర్ణాశయం, పెద్దపేగు కూడా ఎండోస్కోపీతో చూడాలి, ఎందుకంటే అక్కడి క్యాన్సర్ ఓవరీకి పాకి ఓవరీ గడ్డలాగే కనిపిస్తుంది.

స్కాన్‌రూమ్_కాకినాడ
శిబిరంలో "పొట్ట స్కానింగ్" అంటే నాకున్న అభ్యంతరం వేరు. 200 మందికి ఒక్క రోజులో చేయాలంటే మనిషికి రెండు మూడు నిమిషాలు. ముట్లాగిన మనిషి ఓవరీ బాదంపప్పంత ఉంటుంది, పేగుల్లో గాలి అడ్డొస్తే కనపడదు. పై నుంచి చూడాలంటే ముందే లీటరు నీళ్లు తాగి మూత్రాశయం నిండి ఉండాలి. లోపలి నుంచి చూసే టీవీఎస్‌కి ఖాళీగా ఉండాలి. రిపోర్టులో "అడ్నెక్సా నార్మల్", అంటే ఓవరీలు, ట్యూబులు బాగున్నాయని రాసేస్తారు. నిజానికి "ఓవరీలు కనపడలేదు" అని రాయాలి, ఆ రెండూ ఒకటి కాదు.

ఇక ముట్లు వస్తున్నవాళ్లలో నెలనెలా గుడ్డు పెరిగే సంచే రెండు మూడు సెంటీమీటర్ల నీటి బుడగలా కనిపిస్తుంది. దాన్ని "సిస్ట్" అని రాసి ఇచ్చామంటే ఆ ఇంట్లో నిద్ర ఉండదు. ముట్లు వస్తున్నవాళ్లలో లోపల గోడలు, గట్టి భాగం లేని పలుచని నీటి బుడగ 5 సెంటీమీటర్ల లోపుంటే మళ్లీ చూడాల్సిన పని కూడా లేదు. 5-7 మధ్య ఉంటే ఏడాదికోసారి స్కాన్ చాలు. ముట్లాగినవాళ్లలో అలాంటి బుడగే ఒకవైపే ఉండి, 5 లోపు, సీఏ-125 మామూలుగా ఉంటే 4-6 నెలలకు మళ్లీ చూస్తారు. ఏడాదిలో మారకపోతే వదిలేయవచ్చు.

భయపడాల్సినవి వేరే: లోపల గట్టి భాగం, గోడ నుంచి లోపలికి పొడుచుకొచ్చిన మొలకలు, వాటిలో రక్తప్రసరణ, చాలా గదులుగా చీలిన గడ్డ, రెండు వైపులా గడ్డలు, పొట్టలో నీరు. లక్షణాలతో వచ్చిన మనిషి రిపోర్టులో మూడు కొలతలు, ఒకవైపా రెండువైపులా, ఎన్ని గదులు, గట్టి భాగం ఉందా, నీరు ఉందా, గడ్డ మీద అనుమానం ఎంతో చెప్పే ఓ-ర్యాడ్స్ అంకె ఎంత అన్నవి లేకపోతే రాయించుకోండి. ఓ-ర్యాడ్స్ 2 అంటే క్యాన్సర్ అవకాశం 1 శాతం లోపు, 3 అంటే 10 లోపు, 4 అంటే 10 నుంచి 50, 5 అంటే 50 పైన. "కాంప్లెక్స్ సిస్ట్" అన్న ఒక్క ముక్కతో ఆపరేషన్‌కి సంతకం పెట్టకండి.

లీడ్స్_తెలుగు
ఇక్కడ బ్రిటన్‌లో నైస్ 2011 మార్గదర్శకాలు ఫ్యామిలీ డాక్టర్లకు చెప్పిన వరస చెప్తాను. స్క్రీనింగ్ లేని దేశం కూడా లక్షణాలను ఊరికే వదలదని తెలుస్తుంది. లక్షణాలుంటే సీఏ-125. 35 గాని అంతకు మించి గాని ఉంటే పొట్ట, కటిభాగం స్కాన్. పరీక్షించేటప్పుడే గడ్డో నీరో తగిలితే రక్తపరీక్ష కోసం ఆగకుండా అర్జంటుగా స్పెషలిస్టుకు. సీఏ-125 మామూలుగా వచ్చినా, లక్షణాలు మరింత తరచుగా వస్తుంటే, తగ్గకుండా ఉంటే మళ్లీ రమ్మంటారు.

స్కాన్ అయ్యాక ఆర్‌ఎంఐ అనే, గడ్డ క్యాన్సర్ అయ్యే ముప్పును చెప్పే గుణకారం వేస్తారు, ఎవరైనా వేసుకోవచ్చు. స్కాన్‌లో చాలా గదులు, గట్టి భాగాలు, రెండు వైపులా, పొట్టలో నీరు, వేరేచోటికి పాకిన గుర్తులు, ఈ ఐదింటిలో ఒక్కటీ లేకపోతే 0, ఒకటుంటే 1, రెండు గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే 3. ముట్లాగితే 3, ఆగకపోతే 1. ఈ రెంటినీ గుణించి సీఏ-125తో మళ్లీ గుణించాలి. 58 ఏళ్ల మనిషి, గదులూ గట్టి భాగమూ ఉన్న గడ్డ, సీఏ-125 90 అయితే 3 × 3 × 90 = 810. 250 దాటితే క్యాన్సర్ సర్జరీ చేసే బృందానికి పంపాలి. కొన్ని చోట్ల 200 గీత పెడతారు. 34 ఏళ్ల మనిషికి చాలా గదులున్న బుడగ ఒకటి ఉండి అదే 90 వస్తే 1 × 1 × 90 = 90. ఒకే సీఏ-125, రెండు వేర్వేరు దారులు.

ఈ దారిలో వెళ్లినవాళ్ల మీద రాకెట్స్ అనే అధ్యయనం జరిగింది. హై-గ్రేడ్ సీరస్ ఉన్నట్టు తేలినవాళ్లలో నలుగురిలో ఒకరికి ఒకటి, రెండు దశల్లోనే దొరికింది. లక్షణం వచ్చిందంటే అంతా అయిపోయినట్టే అన్న మాట నిజం కాదు.

కృష్ణాతీరం
దాతకు ఏం చెప్పాలో స్పష్టమవుతోంది. ఇంకో ప్రశ్న. మా సంఘాల్లో చాలామందికి గర్భసంచి తీసేశారు. ఇంకా ఎక్కువమందికి పిల్లల ఆపరేషన్ అయింది. వీళ్లను వదిలేయవచ్చా? అమ్మకో అక్కకో ఈ జబ్బు ఉన్నవాళ్ల సంగతేమిటి?

గైనిక్_హనుమకొండ
వదిలేయకూడదండీ. ఇది మన రాష్ట్రాల్లో ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన విషయం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. వాళ్లలో చాలామందికి ఓవరీలు ఉంచారో తీసేశారో తెలియదు. ఉంచి ఉంటే ముప్పు ఉన్నట్టే. పైగా ముట్టు ఉండదు కాబట్టి "ముట్లాగాక మైల" అనే హెచ్చరిక కూడా రాదు. రెండూ తీసేసినా పొట్ట పొర మీద ఇదే జబ్బు అరుదుగా వస్తుంది.

పిల్లల ఆపరేషన్‌లో ట్యూబును మధ్యలో కట్టి కత్తిరిస్తారు. ముప్పు కొంత తగ్గుతుంది, కుచ్చు భాగం మాత్రం అలాగే ఉండిపోతుంది. అందుకే కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2010 నుంచి, వేరే కారణానికి గర్భసంచి తీసేటప్పుడు గాని, ట్యూబు ఆపరేషన్ చేసేటప్పుడు గాని ట్యూబులను పూర్తిగా తీసేయమని ప్రచారం మొదలుపెట్టారు. ఇది ఎలాగూ ఆపరేషన్ అవుతున్నవాళ్లకు మాత్రమే. "క్యాన్సర్ వస్తుంది, ఓవరీలు తీసేద్దాం" అని 40 ఏళ్ల మనిషికి, ఏ ముప్పూ లేకుండా, ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ముట్లాగే వయసుకు ముందే రెండు ఓవరీలూ పోతే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది.

ఇక కుటుంబం. దాత డబ్బు నిజంగా పనికొచ్చే చోటు ఇదే. మామూలు ఆడవాళ్లకు జీవితకాలంలో వచ్చే అవకాశం 1 శాతం చిల్లర. బీఆర్‌సీఏ1 అనే జన్యువులో లోపం ఉంటే 80 ఏళ్లు వచ్చేసరికి సుమారు 44 శాతం, బీఆర్‌సీఏ2 అయితే 17. తల్లి వైపే కాదు, తండ్రి వైపు నుంచి కూడా వస్తుంది; మేనత్తలను, నాయనమ్మను అడగడం మరిచిపోతారు. జన్యు పరీక్ష ముందు జబ్బు వచ్చిన మనిషికి చేయాలి. ఆమెలో లోపం దొరికితే ఆ ఒక్కదాన్నే కూతుళ్లలో, చెల్లెళ్లలో వెతకవచ్చు. జబ్బు రాని కూతురికి నేరుగా చేసి "లేదు" అని వస్తే దానికి పూర్తి అర్థం ఉండదు. లోపం ఉన్నవాళ్లు పిల్లలు చాలనుకున్నాక, బీఆర్‌సీఏ1 అయితే 35-40 మధ్య, బీఆర్‌సీఏ2 అయితే 40-45 మధ్య ట్యూబులు, ఓవరీలు తీయించుకుంటే ముప్పు దాదాపు 80 శాతం తగ్గుతుంది. ఆ ఆపరేషన్ వాయిదా వేసుకున్నవాళ్లకు మూడు నాలుగు నెలలకోసారి సీఏ-125 చూస్తారు, కానీ అది ఆపరేషన్‌కి బదులు కాదు.

ఆశా_శిక్షణ
ఓవరీలు ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఆపరేషన్ అయిన ఆసుపత్రి డిశ్చార్జి కాగితం తెమ్మనండి. అందులో "టీఏహెచ్" అని మాత్రమే ఉంటే ఓవరీలు ఉంచినట్టు. "టీఏహెచ్ విత్ బీఎస్‌ఓ" అంటే రెండూ తీసినట్టు. కాగితం పోతే ఆరోగ్యశ్రీలో చేయించుకున్నవాళ్లు కార్డు నంబరుతో ఆరోగ్యమిత్రను అడగాలి.

పాథాలజీ_నెల్లూరు
శిబిరం తర్వాత జరిగే తప్పులు కూడా చెప్పుకోవాలి. రెండు చాలా పెద్దవి.

ఒకటి, ఓవరీ వరకే ఉన్న గడ్డలోకి సూది గుచ్చి నీరు తీయడం. లోపల క్యాన్సర్ ఉంటే ఆ చుక్కలు పొట్టలో పడతాయి. ఒకటో దశ ఏ నుంచి సీకి మారుతుంది, అప్పటిదాకా అవసరం లేని కీమో అవసరమవుతుంది. అనుమానం ఉన్న గడ్డను పగలకుండా మొత్తంగా, సంచిలో పెట్టి తీయాలి.

రెండు, పొట్టలో నీరు కనపడగానే టీబీ మందులు మొదలుపెట్టి రెండు నెలలు చూద్దామనడం. దీనికి తలకిందులు కూడా జరుగుతుంది: టీబీ ఉన్న మనిషికి సీఏ-125 చూసి క్యాన్సర్ ఆపరేషన్. రెండింటికీ మందు ఒకటే, రుజువు. పొట్టలో నీరు తీసినప్పుడు కనీసం 50 మిల్లీలీటర్లు కణ పరీక్షకు పంపండి. సిరంజిలో ఐదు మిల్లీలీటర్లు పంపితే మేం చేయగలిగిందేమీ ఉండదు. దానితో పాటే టీబీని చూసే ఏడీఏ, సీబీనాట్ పరీక్షలకు కూడా. ఏడీఏ 39 దాటితే టీబీ వైపు మొగ్గు, సీబీనాట్ నెగటివ్ అయినా టీబీ లేదని కాదు. తేలకపోతే స్కాన్ చూస్తూ పొట్టలోని కొవ్వు పొర నుంచి ముక్క తీస్తే నాలుగైదు రోజుల్లో తెలుస్తుంది. పాకిన జబ్బులో ఈ ముక్క తీయడం తప్పు కాదు. ఓవరీలోనే ఉన్న గడ్డను గుచ్చడం తప్పు.

కృష్ణాతీరం
కరపత్రం ఇలా రాశాం, దిద్దండి:

"అక్కా, ఈ ఏడాదిలో కొత్తగా మొదలై, నెలలో 12 రోజులకు మించి ఉంటే చెప్పు: పొట్ట బిర్రుగా ఉండడం, లంగా బొందు ముడి ముందుకు రావడం, రెండు ముద్దలకే కడుపు నిండడం, పొత్తికడుపు నొప్పి, మూత్రం పదేపదే రావడం. 50 దాటాక కొత్తగా వచ్చిన గ్యాస్‌ను గ్యాస్ అనుకోకు. గర్భసంచి తీసేసినా చెప్పు. గర్భాశయ ముఖద్వారం పరీక్షలో బాగుందన్నా చెప్పు, అది వేరే క్యాన్సర్‌కి. పుట్టింట్లో, తండ్రి వైపు కూడా, ఎవరికైనా ఓవరీ లేదా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా?"

అందరికీ సీఏ-125 చేయాలన్న ఆలోచన మానేశాం. లక్షణాల కాగితంలో పడ్డవాళ్లకు రక్తపరీక్ష, సరైన టీవీఎస్, ఆసుపత్రికి వెళ్లి వచ్చే ఖర్చు దాత ఇస్తామన్నారు.

ముందుజాగ్రత్త
ఇది అందరికీ ఒక్కసారి రక్తం తీయడం కన్నా మెరుగ్గా ఉందని ఒప్పుకుంటున్నాను. ఒక్కటి చూసుకోండి. పంపినవాళ్లు ఎక్కడికి వెళ్లాలో పేరు రాయండి. ఊరికే "పెద్దాసుపత్రి" అంటే మొదట కనపడిన నర్సింగ్‌హోమ్‌లో ఆపరేషన్ అయిపోతుంది.

గైనిక్_హనుమకొండ
అవును, అది రాయాలి. అనుమానం ఉన్న గడ్డకు మొదటి ఆపరేషన్ గైనిక్ క్యాన్సర్ సర్జన్ చేయాలి. కంటికి కనపడే జబ్బు అంతా తీశారా, కొంత మిగిల్చారా అన్నదాని మీదే తర్వాతి ఏళ్లు ఆధారపడతాయి. సగం చేసిన ఆపరేషన్‌ను మళ్లీ చేయడం కష్టం. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. మీకు దగ్గరలో ఏది ఉంటే అక్కడి ఓపీ రోజులు ముందే కనుక్కుని వేయండి.

కరపత్రంలో ఒక్క మాట మార్చండి. "గ్యాస్ అనుకోకు" అని ఆపితే ఏం చేయాలో తెలియదు. "గ్యాస్ మాత్ర రెండు వారాలు వాడినా తగ్గకపోతే ఆశా అక్కకు చెప్పు" అని రాయండి.

కృష్ణాతీరం
మార్చాం. ఆశా అక్కల ఫోన్ నంబర్లు వెనకవైపు ఊరివారీగా వేస్తున్నాం, కాలెండరు కాగితం దానికే పిన్ను చేస్తాం.

ఆశా_శిక్షణ
పిన్ను కాదు, ఒకే కాగితానికి వెనకాముందూ అచ్చు వేయించండి. పిన్ను చేసింది ఇంటికెళ్లేలోపు విడిపోతుంది, కాలెండరు పిల్లల చేతికి పోతుంది.